చిల్లు లేని సంచి

పద్నాలుగేళ్ళుగా సత్యప్రసాద్ మనసులో ఒక సందేహం అలాగే ఉండిపోయింది. ఆ రోజు ఆ కాగితం మీద సంతకం పెట్టనన్నది అమ్మవారి మీద నమ్మకంతోనా, నలుగురి కళ్ళకీ వెరచా? పొద్దున్నే దీపం పెట్టేటప్పుడు ఆ ప్రశ్న వచ్చి పక్కన నిలబడేది. హారతి కళ్ళకద్దుకుని దాన్ని దాటేసేవాడు. మర్నాడు మళ్ళీ అక్కడే ఉండేది.

గత వారం అతన్ని మనం ఆఫీసులో తలొంచుకుని కూర్చున్న చోట వదిలాం. మండపేట శివార్లలో ఉన్న తవుడు నూనె ఫ్యాక్టరీలో అతను ఎకౌంట్స్ చూస్తాడు. కంపెనీ వాళ్ళిచ్చిన ఆరోగ్య బీమాలో పిల్లలకి పాతికేళ్ళు నిండేదాకానే చోటు. కొడుకు దుర్గాసాయికి జూన్ ఇరవై ఒకటిన పాతికేళ్ళు నిండుతాయి. పుట్టిన దగ్గర్నుంచీ వాడి కాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. కుడి చెయ్యి సగమే వంగుతుంది. మాట నెమ్మది, బుద్ధి మాత్రం చురుకు. ఇప్పుడు తుంటి ఎముక పక్కకి జారుతోందనీ, వర్షాకాలం వెళ్ళేలోగా ఆపరేషన్ చెయ్యకపోతే కర్ర పట్టుకుని నడిచే ఆ నాలుగడుగులు కూడా పోతాయనీ రాజమండ్రి డాక్టరు చెప్పాడు. మూడున్నర లక్షల పని.

వైకల్యం ఉన్న పిల్లలకి ఆ పాతికేళ్ళ లెక్క వర్తించదని తెలిసి సత్యప్రసాద్ ప్రాణం లేచొచ్చినట్టు హెచ్.ఆర్. చూసే అశ్విని దగ్గరికి పరిగెత్తాడు. ఆ అమ్మాయి పదహారు కాగితాలు బల్ల మీద పరిచింది. ఏటా అతను నింపిచ్చిన ఫారాలు. "మీ మీద ఆధారపడిన పిల్లల్లో వికలాంగులు ఉన్నారా?" అన్న ప్రశ్నకి ఎదురుగా, పదహారు చోట్లా, ముత్యాల్లాంటి అతని అక్షరాల్లో ఒకటే మాట. లేరు.

"సర్టిఫికెట్ ఒక్కటీ సరిపోదండి సార్," అంది అశ్విని, అతని మొహంలోకి చూడకుండా. "పుట్టుకతో ఉందంటున్నారు, ఇన్నేళ్ళూ లేదని రాశారు. దాచారంటారు ఇన్సూరెన్సు వాళ్ళు. చిన్నప్పటి నుంచీ వైద్యం చేయించిన కాగితాలు పెట్టి, ఫారాల్లో తప్పెందుకు రాశారో మీరు ఉత్తరం రాసివ్వాలండి. ఇరవై ఒకటి లోపు. అది దాటితే నా చేతుల్లో ఉండదండి."

ఆ చిన్నప్పటి కాగితాల కోసమే ఈ ఆదివారం పొద్దున్నే అతని భార్య సూర్యకళ అటకెక్కింది.

నిచ్చెన పట్టుకుని కింద నిలబడ్డాడు సత్యప్రసాద్. పైనుంచి ఒక్కొక్కటే దిగుతున్నాయి. సూర్యకళ అత్తగారి నాటి కంచు గిన్నె, అతుకులేసిన దోమతెర, దుర్గాసాయి చిన్నప్పటి ఇనుప పట్టీల బూట్లు. ప్రతి వస్తువునీ అందుకుని, గోడవార పెట్టి, మళ్ళీ చెయ్యి చాపుతున్నాడు. ఆ కాగితాల ఫైలు అటక మీద లేదు. ఆ సంగతి లోకంలో తనొక్కడికే తెలుసు. తెలిసీ, ఉబ్బసం మనిషిని దుమ్ములో వెతకనిస్తున్నాడు. ఇప్పుడు చెబుదాం అనుకుంటూనే ఒక గంట గడిచింది. ఈ పెట్టె అయ్యాక చెబుదాం అనుకుంటూ ఇంకో గంట.

"దిగెయ్యి సూర్యకళా. నీకు దుమ్ము పడదు. చెదలు పట్టిందని అప్పుడే చెప్పాను కదా."

"చెదలు మాత్రం మొత్తం తినేస్తాయా ఏంటండీ? అంచులైనా వదులుతాయి కదా," పైనుంచి తుమ్ముతూ అందావిడ. "హాస్పిటలు ముద్ర ఉన్న ముక్క ఒక్కటి దొరికినా చాలు."

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని దుర్గాసాయి ఎడమ చేత్తో ఫోను చూస్తున్నాడు. వారం రోజులుగా వాడికి అదే పని.

"అమ్మా, ఆరోగ్యశ్రీ అవదే. రేషన్ కార్డు ఉండాలి. నాన్న టాక్స్ కడుతున్నారని మనది తీసేశారుగా."

"విడిగా పాలసీ ఏదో కనుక్కుంటానన్నావు?"

"ముగ్గురితో మాట్లాడాను. ఒకాయన, పుట్టుకతో వచ్చినదానికి మూడేళ్ళు ఆగాలి తమ్ముడూ అన్నాడు. మూడేళ్ళు ఆగమని నా తుంటికి ఎవరు చెబుతారు? రెండో ఆయన నా ఫొటో పంపమని, చూసి, ఇంక పలకలేదు. మూడో ఆవిడైతే, బాబూ, యాక్సిడెంట్ పాలసీ తీసుకో, నువ్వెలాగూ బండి నడపవుగా, నీకూ భయం లేదు, మాకూ భయం లేదు అంది."

అటక మీద సూర్యకళ నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.

"నిరామయ అని కేంద్రం వాళ్ళది ఒకటుంది," అన్నాడు వాడు. "నాలాంటి వాళ్ళ కోసమే పెట్టారు. వయసుతో పని లేదు. ఏడాదికి లక్ష దాకా ఇస్తారు. అందులో చేరాలన్నా వైకల్యం సర్టిఫికెట్టే అడుగుతారు. ఏ గుమ్మం తట్టినా ముందు ఆ కాగితమే నాన్నా. పెళ్ళి సంబంధాలకి జాతకం అడిగినట్టు."

"సర్టిఫికెట్టుకేముందిరా. బుధవారం పెద్దాసుపత్రిలో డాక్టర్ల బోర్డు కూర్చుంటుందట. సెలవు పెట్టి నేనే తీసుకెళ్తాను," అన్నాడు సత్యప్రసాద్, తండ్రిగా తాను చెయ్యగలిగింది ఒకటి దొరికినందుకు గొంతు కాస్త పెంచి.

"చూద్దాం లెండి నాన్నా," అని వాడు మళ్ళీ ఫోనులోకి చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడు సూర్యకళ నిచ్చెన దిగింది. ఆవిడ చేతిలో ఎర్ర గుడ్డసంచి ఉంది. ఒకప్పుడు పెద్దాపురం మరిడమ్మ జాతరలో కొన్నది. దాన్ని చూడగానే సత్యప్రసాద్‌కి నిచ్చెన వదిలి బయటికి వెళ్ళిపోవాలనిపించింది.

"ఏవండీ, సాయి ఫైలు ఇందులోనే కదూ ఉండేది?"

"ఆఁ."

"ఇల్లు మారేటప్పుడు ఇందులోనే చెదలు పట్టిందన్నారు."

"ఆఁ... అవును."

ఆవిడ సంచిని లోపలా బయటా తిరగేసింది. చెయ్యి దూర్చి వేళ్ళు చాపి, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టింది. ఎర్రటి వెలుగు ఆవిడ మొహం మీద పడింది కానీ ఎక్కడా ఒక్క చుక్క ఎండ తెల్లగా దిగలేదు.

"ఒక్క చిల్లు లేదండీ. గుడ్డ ముట్టుకోకుండా లోపల కాగితాలు మాత్రం తినేసి వెళ్ళాయా? ఎంత బుద్ధిగల చెదలో!"

దుర్గాసాయి పకపకా నవ్వాడు. నవ్వుతూ తండ్రి వైపు తిరిగి, ఆ మొహం చూసి ఆపేశాడు.

సత్యప్రసాద్ నిచ్చెన వదిలెయ్యలేదు. దాన్ని పట్టుకునే, గోడకి చెబుతున్నట్టు అన్నాడు.

"గోదావరిలో కలిపేశాను."

ఇంట్లో పాతబడిన దేవుడి పటాలూ, చిరిగిన పూజ పుస్తకాలూ చెత్తలో పడెయ్యకుండా ఏట్లో కలపడం మన వైపు ఉన్న అలవాటే. పదకొండేళ్ళ కిందట పుష్కరాలకి రాజమండ్రి వెళ్తూ అతను అలాంటివన్నీ ఒక పాత పంచెలో మూట కట్టాడు. ఆఖర్న, సూర్యకళ స్నానానికి వెళ్ళినప్పుడు, నీలం అట్ట ఫైలు తీసుకొచ్చి ఆ మూటలో దోపాడు. పన్నెండేళ్ళకోసారి సకల తీర్థాలూ వచ్చి గోదారిలో కలుస్తాయంటారు. అన్ని తీర్థాలు కలిసి ఒక్క ఫైలు మోసుకుపోలేవా అనిపించింది. జబ్బు పేరు రాసిన కాగితం నీళ్ళలో పోతే జబ్బు కూడా పోతుందని నమ్మాడా అంటే, నమ్మాలని ఎంతో ఆశపడ్డాడు. అది కూడా నమ్మకమే అవుతుందా? ఎవర్ని అడగాలో అతనికి తెలియలేదు.

"మూట విప్పి ఒక్కొక్కటే వదిలాను," అన్నాడు. "పటాలు మునిగాయి. పుస్తకాలు మునిగాయి. ఆ నీలం అట్ట ఒక్కటీ మునగలేదు. రెండుసార్లు తేలి మళ్ళీ మెట్టు దగ్గరికే వచ్చింది. వెనక జనం దిగుతున్నారు. ఎవరైనా తీసి చదువుతారేమోనని... నొక్కేశాను."

"చేత్తోనా?" అంది సూర్యకళ.

అతను నిచ్చెన మెట్టు మీది దుమ్ము తుడిచాడు.

"ఏవండీ, చేత్తోనా?"

"కాలితో."

తెల్ల కాగితానికి పొరపాటున కాలు తగిలితే వంగి కళ్ళకద్దుకునే మనిషి అతను. అలా చెయ్యలేదని ఆఫీసులో అటెండర్ని కూడా కోప్పడిన మనిషి. ఆ మనిషి కొడుకు పేరున్న కాగితాలని రేవు మెట్టు మీద కాలితో తొక్కిపట్టి, అవి బరువెక్కి జారిపోయేదాకా నిలబడ్డాడు. చెదలు అన్న అబద్ధం పదేళ్ళ తర్వాత ఈ రోజు బయటపడింది కానీ, అతను సిగ్గుపడుతున్నది అబద్ధానికి కాదు. కుడికాలి మడమ కింద ఆ అట్ట మెత్తగా అణిగిన తాకిడి, ఇప్పటికీ, ఇక్కడ, ఈ గచ్చు మీద తెలుస్తోంది.

"ఆ రోజే కదా నాన్నా, నన్ను నిలబెట్టింది?"

వాడి మాట ఎప్పుడూ నెమ్మదే. ఇప్పుడు ఇంకా నెమ్మదిగా వచ్చింది.

"మూడు మునకలు వేయించారు. ఒకటి, రెండు, మూడు అని మీరే పైకి లెక్కపెట్టారు. మూడోది అయ్యాక తడి మెట్టు మీద నిలబెట్టి, నాన్నా, ఇప్పుడు నిలబడు అని చేతులు వదిలేశారు."

"ఒరేయ్ సాయీ..."

"పడ్డాను. మోకాలు చిట్లింది. ఆ నొప్పి నాకు గుర్తు లేదు నాన్నా. పద్నాలుగేళ్ళ వాణ్ణి, పడ్డం నాకు అలవాటే. కానీ మీరు ముందు నన్ను చూళ్ళేదు. చుట్టూ చూశారు. ఎవరైనా చూశారేమోనని. అటూ ఇటూ చూసి, తర్వాత వంగి నన్ను ఎత్తారు."

పద్నాలుగేళ్ళుగా తనని తాను అడుగుతున్న ప్రశ్నకి జవాబు, పదకొండేళ్ళుగా ఇంట్లోనే ఉంది. రోజూ తనతో కలిసి భోంచేస్తోంది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అడిగితే చెబుదామని ఊరుకుంది. సత్యప్రసాద్‌కి దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకోవాలనిపించింది. రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఇంతకాలం ఆ గదిలో దాక్కున్నది చాలు అనిపించింది.

సూర్యకళ సంచిని మడతపెట్టింది. మడత మీద మడత పెట్టి, అరచేతంత చేసి, అప్పుడు అంది.

"యెహెజ్కేలు గారి దగ్గర పుస్తకం ఉంటుందేమో."

ఆ పేరు అతని ఎదుట పలికి పద్నాలుగేళ్ళయింది.

యెహెజ్కేలు మిషన్ ఆసుపత్రి తరఫున ఊళ్ళు తిరిగే మనిషి. సాయికి రెండో ఏడు వచ్చిన దగ్గర్నుంచి నెలకి రెండుసార్లు సైకిలు మీద వచ్చి కాళ్ళకి కసరత్తులు చేయించేవాడు. చేయించడమే కాదు, సూర్యకళకి నేర్పించాడు. వచ్చినప్పుడల్లా గుడ్డ టేపు తీసి మోకాలు ఎంత చాచుకుంటోందో, మడమ నేలకి ఎంత ఎత్తులో ఆగుతోందో కొలిచి, పొడుగు నోటుపుస్తకంలో రాసుకునేవాడు. వాడికి పదకొండో ఏట ఒక రోజు వైకల్యం సర్టిఫికెట్ దరఖాస్తు తనే నింపుకుని వచ్చాడు. తండ్రి సంతకం ఒక్కటే కావాలి. ఎదురింటి అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నారు. అందరూ ఇటే చూస్తున్నారు.

"మా వాడికి కాళ్ళొస్తాయి," అన్నాడు ఆ రోజు సత్యప్రసాద్, అరుగు మీది వాళ్ళకి వినబడేలా. "నువ్వొచ్చి వాడి నొసట అవిటితనం రాయక్కర్లేదు. మా తల్లిని మేం నమ్ముకున్నాం, నువ్వు నీ దేవుణ్ణి చూసుకో. ఇంక మా గుమ్మం ఎక్కకు."

తనకంటే పదిహేనేళ్ళు పెద్దవాణ్ణి నువ్వు అన్నాడు. పిల్లవాడి మోకాలికి చుట్టిన టేపు తీసుకోవడానికి యెహెజ్కేలు వంగబోతే, గేటు వైపు చెయ్యి చూపించాడు.

సూర్యకళ గదిలోకి వెళ్ళి కుట్టుమిషను సొరుగు లాగింది. పసుపుపచ్చ టేపు చుట్ట తెచ్చి అతని ముందు పెట్టింది.

"దీంతో నేను ఒక్క జాకెట్టు కూడా కొలవలేదు. ఆయన వస్తువు. ఆయనకి ఇచ్చెయ్యాలి."

"నువ్వూ సాయీ వెళ్ళి రండి. నేను ఆటో మాట్లాడతాను," అన్నాడతను, నేల చూపులు చూస్తూ. "నన్ను చూస్తే ఆయన పుస్తకం ఇస్తాడో ఇవ్వడో."

"ఫారాల మీద నా బదులు మీరే రాశారుగా నాన్నా," అన్నాడు దుర్గాసాయి. వాడి గొంతులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. "ఇక్కడికీ మీరే రావాలి."

సత్యప్రసాద్ టేపు జేబులో వేసుకున్నాక, చిట్టియ్య ఆటోలో ముగ్గురూ పెద్దాపురం బయల్దేరారు. చేలల్లో ఎండ వరి మోళ్ళ మీద పడి మెరుస్తోంది. ధాన్యం లారీ వెనకాల దుమ్ములో వెళ్తూ చిట్టియ్య అద్దంలోంచి అడిగాడు.

"గుడికేనాండి అమ్మగారూ?"

"గుడికి కూడాను," అంది సూర్యకళ.

మరిడమ్మ తల్లి ముందు నిలబడితే సత్యప్రసాద్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. ఎన్నిసార్లు ఇక్కడ నిలబడి, వాడి కాళ్ళు ఇయ్యి తల్లీ అని అడిగాడో లెక్కలేదు. ఈసారి అడగడానికి ఏమీ రాలేదు. నిన్ను సాక్షిగా పెట్టి అన్నాను కానీ, నువ్వు ఒప్పుకున్నావా అని ఒక్కనాడూ అడగలేదు కదమ్మా అనుకున్నాడు. పూజారి కుంకుమ ఇస్తే కుడిచేతి కింద ఎడమ చెయ్యి పెట్టి పుచ్చుకున్నాడు.

అక్కణ్ణించి రెండు సందులు తిరిగితే యెహెజ్కేలు ఇల్లు. చిన్న డాబా, ముందు వసారా. మూడు మెట్లు, వాటి పక్కనే సిమెంటుతో చేసిన వాలు. గేటు తీయగానే కుక్క సత్యప్రసాద్ మీదికి మొరుగుతూ వచ్చింది. దుర్గాసాయి దగ్గరికి వెళ్ళి మాత్రం తోకాడించింది. మూగజీవాలకి కూడా మనిషి సంగతి తెలుస్తుంది కాబోలు అనుకుని అతను ఇంకాస్త కుంచించుకుపోయాడు. వాడు కర్ర పట్టుకుని ఎవర్నీ అడక్కుండా వాలు మీదుగా ఎక్కి, కిటికీ దగ్గర ఎత్తుగా ఉన్న చెక్క కుర్చీలో కూర్చున్నాడు.

లోపల్నుంచి యెహెజ్కేలు వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది. కళ్ళజోడు ఒకవైపు దారంతో కట్టుకున్నాడు. చేతిలో ఎవరిదో పిల్లల బూటు, సగం కోసిన స్పాంజి ముక్క.

"రండి సత్యప్రసాద్ గారూ. రండమ్మా, కూర్చోండి. ఏవోయ్ సాయీ, ఎండన పడి వచ్చారు?"

"నేను... నేను గుర్తున్నానాండి?"

"భలేవారే! మీ గేటు నా సైకిలుకి కూడా గుర్తుందండి."

సత్యప్రసాద్ కూర్చోలేదు. దారంతా కూడబెట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. మిగిలిన ముక్క ఒక్కటే బయటికొచ్చింది.

"ఆ రోజు నలుగురిలో మిమ్మల్ని నువ్వు అన్నానండి."

"అన్నారండి," అన్నాడు యెహెజ్కేలు. బూటు పక్కన పెట్టాడు. "నేనేం అనుకోలేదు అంటే అబద్ధమవుద్దండి. అనుకున్నాను. ఆ రోజు కాలవ గట్టు దాకా తొక్కి, ఇంక కాళ్ళు ఆడక సైకిలు నడిపించుకుంటూ ఇంటికెళ్ళాను. నువ్వన్నందుకు కాదులెండి. మమ్మల్ని అలా పిలిచినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఒక్కమాట అడగనాండి?"

"అడగండి."

"తొమ్మిదేళ్ళు మీ ఇంటికొచ్చాను. ఒక్కనాడైనా మీ ఇంట్లో నా దేవుడి మాట ఎత్తానాండి?"

"లేదండి."

"మరెందుకన్నారండి ఆ మాట?"

కుక్క మొరగడం మానేసి గుమ్మంలో పడుకుంది. కొడుకు చూస్తున్నాడని సత్యప్రసాద్‌కి తెలుసు. ఈసారి అతను చుట్టూ చూడలేదు.

"సిగ్గుపడ్డానండి," అన్నాడు. "నా కొడుకుని చూసి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు కనబడకుండా మా అమ్మవార్ని అడ్డం పెట్టాను. చాలకపోతే మీ దేవుణ్ణి కూడా తెచ్చి పెట్టాను. అంతేనండి. అంతకంటే ఏమీ లేదు."

చెప్పడం అయ్యాక అతను వసారా స్తంభం పట్టుకున్నాడు. దుర్గాసాయి ఇటు చూడకుండా కర్ర పిడి మీద బొటనవేలు రాస్తూ ఉన్నాడు.

"ఈ ముక్కే రాస్తారాండి ఆ ఉత్తరంలో?" అన్నాడు యెహెజ్కేలు.

ఉత్తరం సంగతి ఈయనకెలా తెలుసు అన్నది సత్యప్రసాద్‌కి ఆ క్షణాన తట్టలేదు.

"రాస్తానండి. నా చేత్తోనే రాస్తాను."

ముసలాయన లేచి లోపలికెళ్ళాడు. పాత క్యాలెండరు కాగితం అట్టగా వేసిన పొడుగు నోటుపుస్తకం తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"రెండో ఏటి నుంచీ ఉన్నాయండి. తారీకులతో సహా. ఎక్కడ సంతకం చెయ్యమంటే అక్కడ చేస్తాను."

సత్యప్రసాద్ పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నాడు. అలవాటుగా కాదు, ఈసారి తెలిసే అద్దుకున్నాడు. తర్వాత అలవాటుగా చివరి పేజీ తెరిచాడు. ఎకౌంట్స్ మనిషి ఏ పుస్తకమైనా చివర్నుంచే చూస్తాడు. పద్నాలుగేళ్ళ కిందటి తారీకుతో, పదకొండేళ్ళ పిల్లవాడి కొలతతో ఆ రాత ఆగిపోయి ఉంటుందనుకున్నాడు.

చివరి తారీకు మొన్న మార్చి నెలది.

పైన డిసెంబరు. ఆపైన సెప్టెంబరు. వెనక్కి తిప్పాడు. ఏడాది వెనక ఏడాది, మూడు నెలలకోసారి, ఒక్కటీ తప్పకుండా. మోకాలు, మడమ, తుంటి. ప్రతి వరసకీ చివర, బాలుడి తరఫు అన్న చోట, గుండ్రటి అక్షరాల్లో ఒకే సంతకం. బి. సూర్యకళ.

మూడు నెలలకోసారి తల్లీ కొడుకులు బస్సెక్కి పెద్దాపురం వెళ్ళొచ్చేవారు. అమ్మవారి ప్రసాదం తెచ్చి అతని చేతిలో పెట్టేవారు. అతను భక్తిగా కళ్ళకద్దుకుని తినేవాడు.

వాలు, ఎత్తు కుర్చీ, కుక్క, ఉత్తరం మాట, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వాటి వెనకాలే ఇంకోటి కూడా. ఇవన్నీ తెలిసిన మనిషి పొద్దున్న రెండు గంటలు అటకెక్కి దేనికోసం వెతికింది? నిచ్చెన కింద నిలబడ్డవాడి నోట ఒక్క నిజం రాలుతుందేమోనని, ఆ దుమ్ములో దగ్గుతూ ఆవిడ ఎదురుచూసింది.

అట్టకీ చివరి పేజీకీ మధ్య నుంచి ఏదో జారబోతే పట్టుకున్నాడు. నాలుగు మడతలు పెట్టిన మందపాటి కాగితం. మడత అంచున మూడు సింహాల ముద్ర సగం, 'వైకల్య' అన్న అక్షరాలు కనబడుతున్నాయి. పక్కన అతికించిన ఫొటోలో ఒక మూల, అప్పుడప్పుడే మొలుస్తున్న నూనూగు మీసం. అంటే ఏడేళ్ళ కిందటి దుర్గాసాయి.

"సూర్యకళా," అన్నాడు. కాగితం ఆవిడ వైపు చాపాడు. "ఈ కాగితం ఏంటి? దీని మీద ఎవరు సంతకం..."

"ముందు ఆయన వస్తువు ఆయనకిచ్చెయ్యండి," అంది సూర్యకళ. వేలికంటిన కుంకుమ వంకే చూస్తోంది ఆవిడ. "అమ్మవారికి దణ్ణం పెట్టుకోకుండా ఒక్కసారీ ఈ గుమ్మం ఎక్కలేదండి. ఆ ఒక్కటి మాత్రం అబద్ధం కాదు. మిగతాది తర్వాత అడుగుదురుగాని."

పుస్తకాన్నీ, విప్పని ఆ కాగితాన్నీ అరుగు మీద పెట్టి సత్యప్రసాద్ జేబులో చెయ్యి పెట్టాడు. టేపు అతని ఒంటి వేడికి వెచ్చబడి ఉంది. ఇరవై దాకా అంకెలు అరిగిపోయాయి. ఒకచోట నీలం సిరాతో గీసిన గుర్తు, పదకొండేళ్ళ పిల్లవాడి మోకాలు ఆ రోజు ఎంతవరకు చాచుకుందో అక్కడ, చెరగకుండా ఉంది. రెండు చేతులతో అందించాడు.

యెహెజ్కేలు దాన్ని చూడలేదు. కొసనుంచి కొసదాకా వేళ్ళ మధ్య లాగి, పాత అలవాటు కొద్దీ రెండు వేళ్ళకి చుట్టచుట్టి, చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ముట్టిందండి," అన్నాడు.